నవ్వే ఆడదాన్ని ఎందుకు నమ్మకూడదు?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం ఇదే పేజీలో ఒక పాఠకుడు రాసిన ఉత్తరం చదివాను. పార్కుల్లో లాఫింగ్ క్లబ్బుల వాళ్లు పొద్దున్నే చప్పట్లు, కేకలతో చుట్టుపక్కల వాళ్లకి నిద్ర లేకుండా చేస్తున్నారని, జోకు లేదు ఏమీ లేదు, ఊరికే నవ్వేవాళ్లని చూస్తే మతి చలించినట్టు ఉంటుందని, ఈ దొంగ నవ్వుల వల్ల ఆరోగ్యం వస్తుందంటే నమ్మేంత అమాయకులా జనం, దానికి ఆధారాలేమిటి అని ఆయన అడిగారు. ఆయన మీద నాకు కోపమేమీ లేదు. కొన్నేళ్ల కిందటైతే నేనూ అదే మాట అనేదాన్ని. అన్నాను కూడా. అందుకే జవాబు రాయడానికి నాకు హక్కుందనుకుంటున్నాను. కాస్త పొడుగైనా దయచేసి వేసుకోండి.

మాది గుంటూరు. నాకు 63 ఏళ్లు. ఉమ్మడి జిల్లా పల్లెల్లో 34 ఏళ్లు ఏఎన్‌ఎంగా చేసి రిటైరయ్యాను. టీకాల ఐస్ బాక్సు భుజాన వేసుకుని పొలం గట్ల మీద నడిచినదాన్ని, ఎండాకాలం వడదెబ్బలు, వానాకాలం జ్వరాలు, అర్ధరాత్రి కాన్పులు అన్నీ చూసినదాన్ని. మాత్ర, సూది, బీపీ మిషను, నేను నమ్మినవి ఇవే. యోగా అంటే టీవీలో చూసేది, ధ్యానం అంటే తీరిక ఉన్నవాళ్లు చేసేది అనుకునేదాన్ని. ఇక నవ్వు ఒక వ్యాయామం అంటే అసలు చెవిన వేసుకునేదాన్నే కాదు.

2023 నవంబరులో మా వారు పోయారు. ఆర్టీసీలో డ్రైవరుగా చేశారు. రాత్రి అన్నం తిని పడుకున్న మనిషి తెల్లవారుజామున ఛాతీలో మంటగా ఉందన్నారు, ఆటోలో ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. వేల మందికి నాడి చూసిన చెయ్యి నాది, ఆ ఆటోలో అది ఆయన మణికట్టు మీదే ఉంది. ఆ సంగతి ఇంతకంటే రాయలేను.

ఆ తర్వాత ఇంట్లో మిగిలింది నేను, మా అత్తగారు. ఆవిడకి 84. కొడుకు పోయిన తల్లి, మొగుడు పోయిన కోడలు, ఒకరి ముందు ఒకరం ఏడవకూడదని ఇద్దరం బిగబట్టుకుని కూర్చున్నాం. నేను ఏడిస్తే ఆవిడ గుండె ఏమవుతుందోనని నాకు, తను ఏడిస్తే నేనేమైపోతానోనని ఆవిడకి. రోజు మొత్తం మీద మా మధ్య నడిచే మాటలు అన్నం తిన్నావా, మాత్ర వేసుకున్నారా, గేటు వేశావా, అంతే. బెంగళూరు నుంచి మా అమ్మాయి ఫోన్ చేస్తే "బానే ఉన్నామమ్మా" అనేదాన్ని, ఆ ఒక్క ముక్కకే ఆయాసం వచ్చేది. గొంతు సన్నబడిపోయింది. కూరగాయల బండి అబ్బాయిని గేటు దగ్గర నిలబడి కేకేస్తే వాడికి వినపడేది కాదు, బండి వెళ్లిపోయేది. ఛాతీ పైభాగంతోనే ఊపిరి తీస్తున్నట్టుండేది, లోపలికి దిగేది కాదు. డాక్టరు గారు ఈసీజీ, థైరాయిడ్, ఎక్స్‌రే అన్నీ తీయించి, రిపోర్టులు బానే ఉన్నాయి, షుగర్ మాత్రం బోర్డర్‌లో ఉంది, రోజూ ఓ అరగంట నడవండి అన్నారు.

అలా ఎదురింటావిడతో కలిసి మా కాలనీ పార్కుకి వెళ్లాను. మా వారు పోయి అప్పటికి ఏడు నెలలు.

పార్కు వెనక మూల వేపచెట్టు కింద ఇరవై మంది దాకా గుండ్రంగా నిలబడి ఉన్నారు. రిటైరైన తెలుగు లెక్చరర్ ఒకాయన నడిపిస్తారు, అందరూ మాస్టారు అంటారు. అరచేతులు నిండుగా ఆనేలా, వేళ్లకి వేళ్లు తగిలేలా చప్పట్లు కొడుతూ "హో హో, హా హా హా" అంటున్నారు, ఒకటి రెండు, ఒకటి రెండు మూడు అన్న లెక్కలో. మధ్యమధ్య ఆగి, చేతులు పైకెత్తి గుండెల నిండా గాలి పీల్చి, మెల్లగా వదిలి, మళ్లీ మొదలు. ఎదురింటావిడ నా చెయ్యి పట్టి లోపలికి లాగేసింది. నిలబడ్డాను గానీ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. మన ఆడవాళ్లకి అది ఎవరూ నేర్పక్కర్లేదు, నవ్వు వస్తోందంటే చెయ్యి దానంతటదే కొంగు దగ్గరికి పోతుంది.

ముందు నమస్తే నవ్వు. చేతులు జోడించి ఎదుటి మనిషి కళ్లలోకి చూస్తూ నవ్వాలి. తర్వాత లస్సీ నవ్వు. రెండు చేతుల్లో రెండు గ్లాసులున్నట్టు అనుకుని, ఇందులోది అందులోకి, అందులోది ఇందులోకి తిరగబోసి, తల వెనక్కి వంచి ఒక్క గుక్కలో తాగేసినట్టు చేసి గట్టిగా నవ్వాలి. ఆ తర్వాత సింహం నవ్వు. కళ్లు పెద్దవి చేసి, నాలుక మొత్తం బయటికి చాచి, చేతులు పంజాల్లా పెట్టి పొట్టలోంచి నవ్వాలి. కొంగు అడ్డం పెట్టుకుని నాలుక చాచడం కుదరదు. కొంగు వదలాల్సి వచ్చింది.

ఆ రోజు నాకు నవ్వు రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా మర్నాడు వెళ్లాను, ఎందుకంటే రాత్రి నాలుగు గంటలు ఏకబిగిన నిద్ర పట్టింది, అది నాకు చాలా రోజుల తర్వాత. పది పన్నెండు రోజులు అలా ఊరికే నోరు తెరిచి మూశాను. ఒకరోజు సింహం నవ్వు దగ్గర పొట్ట అదరడం మొదలై ఇక ఆగలేదు, నవ్వు కాస్తా ఏడుపైపోయింది. ఆయన పోయిన రోజు కూడా రాని ఏడుపు. నిలబడలేక గడ్డిలో కూర్చుండిపోయాను. ఎవరూ చుట్టూ మూగలేదు, "ఊరుకోమ్మా" అనలేదు. మాస్టారు మిగతా వాళ్లని నవ్వు ఆపి మెల్లగా చప్పట్లు మాత్రం కొడుతూ ఉండమన్నారు, నా దగ్గరికొచ్చి "గాలి బయటికి వదలండమ్మా, మొత్తం వదిలేయండి, పీల్చడం దానంతటదే అవుతుంది" అన్నారు. నొప్పులు పడుతున్న ఆడపిల్లలకి ఆ మాట నేను ఎన్ని వందల సార్లు చెప్పానో. బిగబట్టకమ్మా, వదులు, వదులు అని. నాకు చెప్పిన మనిషి ఆ రోజుదాకా లేరు.

ఇంటికొచ్చేసరికి కూరగాయల బండి వీధి చివరికి పోతోంది. కేకేశాను. ఆగాడు.

ఇక ఆ పాఠకుడు "దొంగ నవ్వు" అన్నారు కదా, దాని గురించి. ఈ క్లబ్బులు మొదలుపెట్టింది ముంబైలో డాక్టర్ మదన్ కటారియా అనే ఆయన, అల్లోపతి డాక్టరే. 1995 మార్చి 13న ఒక పార్కులో ఐదుగురితో మొదలైంది. మొదట్లో వాళ్లూ జోకులు చెప్పుకునే నవ్వారు. రెండు వారాలయ్యేసరికి మంచి జోకులు అయిపోయాయి, ఎవరినో ఒకరిని కించపరిచేవి, ఆడవాళ్లు వినలేనివి మొదలయ్యాయి, జనం మానేస్తామన్నారు. అప్పుడాయన జోకుని తీసేసి నవ్వుని మాత్రం ఉంచారు. ఆయన భార్య మాధురి గారు యోగా టీచరు, అందుకే మధ్యలో ఆ ఊపిరి కసరత్తులు కలిశాయి. కావాలని మొదలుపెట్టిన నవ్వయినా పొట్ట కండరాలు, ఊపిరితిత్తులు, వాటి కింద ఉండే డయాఫ్రం కండరం చేసే పని అదే కదా, పైగా పదిమంది కళ్లలోకి చూస్తూ చేస్తే కాసేపటికి అది నిజం నవ్వే అయిపోతుంది, ఇదీ ఆయన పట్టుకున్న కిటుకు.

జోకు తీసేయడమే ఇందులో గొప్ప సంగతి అని నాకనిపిస్తుంది. మన జోకుల్లో సగం పెళ్లాం మీద, మిగతా సగం అత్తగారి మీద. ఇంకోటి, జోకుకి నవ్వాలంటే మనసు ముందు బాగుండాలి. మనసు బాగాలేని మనిషికి ఎంత మంచి జోకు చెప్పినా మొహాన పులిమిన రంగులా ఉంటుంది. చప్పట్లు కొట్టడానికి, నోరు తెరిచి హా అనడానికి మనసు ఒప్పుకోనక్కర్లేదు, ఒళ్లు ఒప్పుకుంటే చాలు. దుఃఖంలో ఉన్నవాళ్లకి ఈ తేడా చాలా పెద్దది. రోజూ తెచ్చిపెట్టుకునే పనులు ఎన్ని చెయ్యడం లేదు మనం? నిద్ర రాకపోయినా కళ్లు మూసుకుని పడుకుంటాం, ఆకలి లేకపోయినా పిల్లల కోసం రెండు ముద్దలు తింటాం. దాన్నెవరూ దొంగ నిద్ర, దొంగ తిండి అనరు.

ఆధారాలేమిటని ఆ పాఠకుడు అడిగారు. మా అమ్మాయి వెతికి చదివి చెప్పినవి రెండు రాస్తాను. అమెరికాలో నార్మన్ కజిన్స్ అని ఒక పత్రికా సంపాదకుడు, 1964లో వెన్నెముక కీళ్లు పట్టేసే జబ్బుతో మంచం పట్టి, హాస్య సినిమాలు తెప్పించుకుని చూసేవారట, పది నిమిషాలు పొట్ట అదిరేలా నవ్వితే రెండు గంటలు నొప్పి లేకుండా నిద్ర పట్టేదని తనే రాసుకున్నారు. ఆయన దాంతోపాటు విటమిన్ సి కూడా బాగా తీసుకున్నారు, పైగా ఒక్క మనిషి అనుభవం, కాబట్టి దాన్ని రుజువని నేను అనను. రెండోది ఆక్స్‌ఫర్డ్‌లో రాబిన్ డన్బార్ అనే పరిశోధకుడి బృందం చేసినది, 2011లో వచ్చింది. మనుషుల్ని గుంపుగా కూర్చోబెట్టి నవ్వించి, ముందూ తర్వాతా వాళ్లు ఎంత నొప్పి ఓర్చుకోగలరో చూశారు. కొందరికి నొప్పి పెట్టడానికి వాడింది బీపీ కఫ్, చేతికి కట్టి గాలి కొట్టి బిగించడమే. బాగా నవ్వినవాళ్లు ఎక్కువ ఓర్చుకున్నారట. ఆ కఫ్‌తో నాకు 34 ఏళ్ల పరిచయం గనక ఇది నాకు బాగా గుర్తుండిపోయింది. అక్కడ నవ్వించింది హాస్య వీడియోలు, హాస్య ప్రదర్శనలు, మా పద్ధతి కాదు, ఆ తేడా కూడా చెప్పాలి.

నా మటుకు నాకు బీపీ మాత్ర రోజుకొకటి అలాగే ఉంది. షుగర్ బోర్డర్ దాటలేదు, అది నవ్వు వల్లో నడక వల్లో రాత్రి అన్నం తగ్గించడం వల్లో నేను చెప్పలేను. నవ్వితే మందులు మానెయ్యొచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి, ఆ మాట చెప్పేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. నర్సుగా ఇంకోమాట కూడా చెప్పాలి, ఇది అందరికీ పనికిరాదు. హెర్నియా ఉన్నవాళ్లు, కొత్తగా ఆపరేషన్ అయినవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు, గ్లకోమా అనే కంటి జబ్బు, ఫిట్స్ ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా చెయ్యకూడదు. గర్భసంచి జారిన ఆడవాళ్లు, నవ్వితే దగ్గితే మూత్రం పడేవాళ్లు కూడా. మా ఊళ్లలో పెద్ద వయసు ఆడవాళ్లలో ఇది చాలామందికి ఉంటుంది, సిగ్గుపడి చెప్పరు. మా గుంపులోకి కొత్తగా ఎవరొచ్చినా నేను పక్కకి తీసుకెళ్లి ఇవన్నీ అడుగుతాను, ఆ పని మాస్టారు నాకు అప్పజెప్పారు. అలా అడిగితేనే ఒకావిడ పదేళ్లుగా దాచుకున్న బాధ బయటపడి ఇప్పుడు వైద్యం చేయించుకుంటోంది.

బీపీ, షుగర్‌లని మించి నాలో మారినవి వేరే ఉన్నాయి. ఎవరితోనైనా మాట్లాడేటప్పుడు కళ్లలోకి చూడగలుగుతున్నాను. భర్త పోయినప్పటి నుంచి నేను అందరి కాళ్లకేసి చూస్తూ మాట్లాడేదాన్నని, నమస్తే నవ్వు నేర్చుకునేదాకా నాకే తెలీదు. పెన్షన్ కాగితాల పని ఒకటి ఆరు నెలలుగా ఒక ఆఫీసులో ఆగిపోయి ఉంటే, వెళ్లి, కుర్చీలో కూర్చుని, ఇది ఇవాళ ఎందుకు కాదో చెప్పండి అని వినపడేలా అడిగాను. ఆ గొంతు నాకు పార్కులో వచ్చింది.

కానీ పార్కు నుంచి ఇంటికి తెచ్చుకున్న మాటలూ ఉన్నాయి. మొదలుపెట్టి నెల తిరక్కుండానే మా ఆడపడుచు ఫోన్ చేసింది. "ఏంది వదినా, పార్కులో నిలబడి నవ్వుతున్నావంట, అన్నయ్య సంవత్సరీకం కూడా కాలా" అంది. ఆమెనీ తప్పు పట్టను, అన్నని పోగొట్టుకున్న మనిషి. కానీ అదే పార్కులో, అదే గుంపులో, భార్య పోయిన మగవాళ్లు ఇద్దరున్నారు. వాళ్లకి ఇలాంటి ఫోన్ రాలేదు. నేను అడిగి తెలుసుకున్నాను.

నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగాణ్ణి నమ్మకూడదని మనకో సామెత ఉంది కదా. చిన్నప్పుడు మా నాయనమ్మ నా నెత్తిన మొట్టి మరీ చెప్పేది. నవ్వు నాలుగు విధాల చేటు అన్నది ఇంకోటి. మాస్టారిని ఒకరోజు అడిగాను, ఇవి ఎందుకు పుట్టాయండీ అని. ఆయన నాట్యశాస్త్రం సంగతి చెప్పారు. అందులో నవ్వుని ఆరు రకాలు చేశారట, స్మితం నుంచి అతిహసితం దాకా. పళ్లు కనపడని చిరునవ్వు, కాస్త కనపడే నవ్వు ఉత్తములకి, మధ్యరకం నవ్వులు మధ్యములకి, కళ్ల నీళ్లొచ్చేలా, పక్కలు పట్టుకుని నవ్వేది అధములకి. హాస్యం ఎక్కువగా స్త్రీలలోనూ నీచపాత్రల్లోనూ కనపడుతుందని కూడా ఉందట. నాటకంలో పాత్రలకి రాసిన మాటలివి, నిజమే. కానీ మా ఇళ్లలో ఇప్పటికీ నడుస్తోంది అదే లెక్క. గట్టిగా నవ్విన ఆడపిల్లని ఏమంటామో రాయక్కర్లేదు. ఆ లెక్కని పొట్టలో దాచుకునే నేను 61 ఏళ్లు బతికాను, ఇద్దరు పిల్లల్ని పెంచాను, మా అమ్మాయిని కూడా "మెల్లగా నవ్వవే" అన్నాను. అది ఇప్పుడు తలుచుకుంటే కష్టంగా ఉంటుంది. సామెతలో రెండో సగం ఇంకా అన్యాయం. మా గుంపులో భార్య పోయిన ఆ ఇద్దరిలో ఒకాయన, కరెంటు డిపార్ట్‌మెంట్‌లో చేసిన మనిషి, నాలాగే ఒకరోజు నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశారు. డెబ్బై ఏళ్లాయన. పదిమందిలో ఏడవడం అదే మొదటిసారి అన్నారు.

ఆడపడుచు ఫోన్ తర్వాత నాలుగు రోజులు మానేశాను. మా అత్తగారు ఏమీ అనలేదు, ఆవిడా అదే అనుకుంటోందేమో అని నాకు టెన్షన్. ఐదో రోజు పొద్దున కాఫీ ఇస్తుంటే, గ్లాసు తీసుకోకుండా నా మొహం చూసి "ఏం పోవట్లా?" అన్నారు. లేదత్తయ్యా అన్నాను. "అక్కడ ఏం చేస్తారే అసలు, చూపించు" అన్నారు. నాకు చెమటలు పట్టాయి. వంటింటి గుమ్మంలో నిలబడి, కాఫీ గ్లాసు కింద పెట్టి, లస్సీ నవ్వు చేసి చూపించాను. ఆవిడ కుర్చీలో కూర్చుని, వణికే చేతులతో రెండు గ్లాసులు పట్టుకున్నట్టు పట్టి, ఇటు నుంచి అటు తిరగబోశారు. తాగినట్టు తల వెనక్కి వంచారు. నవ్వొచ్చింది ఆవిడకి, పళ్లు లేని నోరు మొత్తం తెరిచి నవ్వారు, ఆ వయసులో అంత గాలి ఆ మనిషిలో ఉందని నాకు తెలీదు. ఆగాక కళ్లు తుడుచుకుని, "వాడు చిన్నప్పుడు మజ్జిగ ఇట్టానే తిరగబోసుకుని సగం నేల మీద పోసేవాడు" అన్నారు.

ఎనిమిది నెలల్లో మా వారి గురించి ఆవిడ మాట్లాడిన మొదటి మాట అది. ఆ పొద్దున ఇద్దరం పదకొండింటి దాకా అలాగే కూర్చున్నాం, పొయ్యి మీద పాలు సంగతి కూడా మర్చిపోయి, ఆయన గురించే చెప్పుకుంటూ. ఏడ్చాం కూడా. ఒకరి ముందు ఒకరం.

ఇప్పుడు ఆ పాఠకుడికి. నిద్ర పాడవుతోందన్న మీ మాట న్యాయమైనదే. రాత్రి డ్యూటీ చేసి వచ్చేవాళ్లు, చంటిపిల్లల తల్లులు ఉంటారు, వాళ్లని ఇబ్బంది పెట్టే హక్కు మాకు లేదు. మీ ఉత్తరం మా గుంపులో చదివి వినిపించాను. మేం ఐదున్నరకి మొదలుపెట్టేవాళ్లం, ఇక నుంచి ఆరుంబావుకి మొదలుపెట్టి ఆరూముప్పావుకి ఆపేద్దామని, అపార్ట్‌మెంట్ల వైపు గోడ దగ్గర కాకుండా వెనక మూలకే ఉందామని, పరీక్షల నెలల్లో గట్టి చప్పట్లు మానేద్దామని అనుకున్నాం. మీ ఊళ్లో వాళ్లకి కూడా ఇదే చెప్పి చూడండి, వింటారు. వద్దని మాత్రం అడగకండి. ఒంటరిగా మిగిలిన ఆడమనిషి పొద్దున్నే ఇల్లు కదిలి, తలెత్తి, నలుగురి మధ్య నిలబడే చోట్లు మన ఊళ్లలో ఎన్ని ఉన్నాయి, గుడి తప్ప? ఆ గుడికి కూడా ఏడాది దాకా వెళ్లొద్దంటారు.

సంపాదకుల వారికి ఒక చిన్న మనవి, అధికారులెవరైనా చదువుతారేమోనని. మా పార్కు గేటు దగ్గర నాలుగు మెట్లున్నాయి, పట్టుకోవడానికి కమ్మీ లేదు. మా అత్తగారు వస్తానని రెండు నెలలుగా అడుగుతున్నారు. నేనూ ఎదురింటావిడా చెరో రెక్క పట్టుకుని ఒకసారి ఎక్కించాం గానీ దిగేటప్పుడు మూడో మెట్టు మీద కాలు జారింది, దేవుడి దయ వల్ల ఏమీ కాలేదు. ఆవిడకి ఇప్పుడు 86 దాటుతున్నాయి. ఒక పక్కన కమ్మీ, వీలైతే చక్రాల కుర్చీ పోయేంత వాలుబాట వేయిస్తే, ఈ చలికాలం రాకముందే ఆవిడని వేపచెట్టు దాకా తీసుకెళ్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఏఎన్‌ఎం,
గుంటూరు.